నోటిలెక్క చేసేటప్పుడు తలలో ఏం జరుగుతుంది? – ఇ.ఇ.జి. నడిచిన దారి

మన సంఘం ఆఫీసుకు జీవన ప్రమాణపత్రం ఇవ్వడానికి వచ్చే పెద్దల చేతిసంచుల్లో మందుల చీటీలతోపాటు ఇ.ఇ.జి. రిపోర్టులు కూడా కనిపిస్తున్నాయి. మూర్ఛ వచ్చిందనో, ఉన్నట్టుండి స్పృహ తప్పిందనో, మతిమరుపు ఎక్కువైందనో ఒంగోలుకో, గుంటూరుకో, హైదరాబాదుకో పోయి తీయించుకున్నవి. వాటిని చూపిస్తూ మనవాళ్ళు అడిగే ప్రశ్నలు ముఖ్యంగా రెండు. "తలలోకి కరెంటు పంపిస్తారటగా?" అనేది మొదటిది. "మనసులో అనుకున్నదంతా ఈ కాగితం మీద పడుతుందా?" అనేది రెండోది.

మొదటిదానికి జవాబు తేలిక. ఇ.ఇ.జి. యంత్రం తలలోకి ఏమీ పంపదు. తలలో పుట్టే విద్యుత్తును చర్మం మీద అతికించిన చిన్న బిళ్ళల ద్వారా పుచ్చుకుని గీతలుగా చూపిస్తుంది, అంతే. షాక్ చికిత్స పూర్తిగా వేరు. ఈ రెంటినీ కలిపేసి భయపడి, పరీక్ష మానుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. మెదడు విద్యుత్తు ఎంత కొద్దిదో లెక్క వేసి చూడండి. టార్చిలైటులో వేసే ఒక సెల్లు ఒకటిన్నర వోల్టు. మెలకువగా ఉన్న మనిషి తల మీద దొరికే అల సాధారణంగా అందులో పదిహేను వేలవ వంతుకు మించదు.

రెండో ప్రశ్నకు జవాబు చెప్పాలంటే మాత్రం నూటయాభై ఏళ్ళ కథ చెప్పాలి.

1875లో ఇంగ్లండులోని లివర్‌పూల్ వైద్యుడు రిచర్డ్ కేటన్ కుందేళ్ళ, కోతుల మెదడు మీద తీగలు ఆనించి, సన్నని విద్యుత్తు కదలికలు ఉన్నాయని మొదటిసారి ప్రకటించాడు. మనిషి దగ్గరికి రావడానికి మరో అర్ధశతాబ్దం పట్టింది. ఆ పని చేసినవాడు జర్మనీలోని యేనా నగరంలో మానసిక వైద్యుడు హాన్స్ బెర్గర్.

ఈ బెర్గర్ కథ వింతగా ఉంటుంది. కుర్రతనంలో సైన్యంలో ఉన్నప్పుడు గుర్రం మీదనుంచి పడి, ఫిరంగి బండి చక్రం కింద నలగబోయి వెంట్రుకవాసిలో తప్పించుకున్నాడు. అదే రోజు ఎక్కడో దూరాన ఉన్న అక్కగారికి తమ్ముడికేదో ఆపద వచ్చిందని తోచి, తండ్రిచేత టెలిగ్రాం ఇప్పించింది. మన ఇళ్ళలోనూ ఇలాంటివి చెప్పుకుంటాం, తర్వాత మరిచిపోతాం. ఆయన మరిచిపోలేదు. తలలోంచి ఏదో శక్తి వెలువడి దూరం పోతుందని నమ్మి, దాన్ని కొలవాలని ఏళ్ళ తరబడి పట్టుబట్టాడు. 1924 జూలైలో, శస్త్రచికిత్సలో పుర్రె ఎముక కొంత తీసేసిన ఒక యువకుడి తల మీద మొదటి గీత దొరికింది. దొరికాక కూడా నమ్మకం కుదరక అయిదేళ్ళు పదే పదే పరీక్షించి 1929లో అచ్చువేయించాడు. తన కొడుకు క్లాస్‌ను, కూతురు ఇల్సేను కూడా కూర్చోబెట్టి గీతలు తీశాడు. వెతికింది దూరం పోయే శక్తిని, దొరికింది తల చర్మం దాకా వచ్చేసరికే నీరసించిపోయే అలను! ఆయన మంచి పరిశీలకుడే గాని, మంచివాడని మాత్రం చెప్పలేం. నాజీ ప్రభుత్వ కాలంలో మనుషులకు బలవంతంగా పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేయించే న్యాయస్థానంలో ఆయన సభ్యుడుగా కూర్చున్నాడని తరువాతి చరిత్రకారులు బయటపెట్టారు. 1941లో ఆత్మహత్య చేసుకున్నాడు.

బెర్గర్ చూసిన ముఖ్యమైన సంగతి ఇది. మనిషి కళ్ళు మూసుకుని ఊరికే కూర్చుంటే, తల వెనుక భాగంలో సెకనుకు సుమారు పదిసార్లు ఊగే చక్కని అల వస్తుంది. దీనికి ఆల్ఫా అని పేరు. కళ్ళు తెరిస్తే అది పోతుంది. కళ్ళు మూసుకునే ఉన్నా, ఏదైనా లెక్క ఇచ్చి మనసులో చేయమంటే అప్పుడూ తగ్గిపోతుంది. 1934లో కేంబ్రిడ్జిలో ఏడ్రియన్, మాథ్యూస్ అనే ఇద్దరు ఇదే పరీక్ష మళ్ళీ చేసి నిజమేనని ఒప్పుకున్నాక గాని లోకం బెర్గర్‌ను నమ్మలేదు. ఏడ్రియన్ అప్పటికే నోబెల్ బహుమతి పొందినవాడు. లెక్క తగినంత కష్టంగా ఉంటేనే అల పోతుందని కూడా వారు గమనించారు.

ఇది మన తరానికి చెప్పకుండానే అర్థమవుతుంది. మార్కాపురం పలక మీద బలపంతో అక్షరాలు దిద్దినవాళ్ళం, గోడకు ఆనుకుని వరుసగా నిలబడి ఎక్కాలు అప్పజెప్పినవాళ్ళం. పదమూడేళ్లు తొంభై ఒకటి అని చెప్పడానికి లెక్క చేయనక్కరలేదు, నాలుకే చెప్పేస్తుంది. అదే నలభై ఏడును ముప్పై ఎనిమిదితో గుణించమంటే, పలక లేకపోతే కళ్ళు మూసుకోవాలి, ఒక ముక్కను ఒకచోట దాచుకోవాలి, రెండోది కట్టాలి, మొదటిదాన్ని వెతికి తెచ్చుకుని కలపాలి. 1786 వచ్చేసరికి నుదురు ముడిపడుతుంది. మొదటిది జ్ఞాపకం, రెండోది పని. ఆల్ఫా అల ఈ రెండో రకానికే చెదురుతుంది.

మనదేశంలో ఈ యంత్రాన్ని లెక్కల మీద కంటే ముందు యోగుల మీద పెట్టారు. కలకత్తాకు చెందిన దాస్ గారు, ఫ్రాన్సు దేశపు గాస్తో అనే వైద్యుడు కలిసి 1955లో ప్రకటించిన పరిశోధనలో గాఢమైన ధ్యానంలో వేగమైన అలలు చూశామన్నారు. 1961లో ఢిల్లీ అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థకు చెందిన ఆనంద్, ఛీనా, బల్‌దేవ్ సింగ్ గార్లు ఇందుకు వేరుగా చెప్పారు. ధ్యానంలో ఉన్నవారికి ఆల్ఫా అల నిలకడగా సాగుతూనే ఉందనీ, ఇద్దరు యోగులు నాలుగు డిగ్రీల చన్నీళ్ళలో ముప్పావుగంటకు తగ్గకుండా చెయ్యి పెట్టుకున్నా అది చెదరలేదనీ రాశారు. రెండు జట్లూ నిజాయితీపరులే. ధ్యానం అనే ఒకే మాట కింద వేరువేరు యోగులు వేరువేరు పనులు చేస్తూ ఉండి ఉంటారు. యంత్రం గీత గీస్తుందే గాని ఆ లోపలి పనికి పేరు చెప్పదు.

అంతవరకు అందరూ చూసింది ఒక్కొక్క చోటు ఎలా ఊగుతున్నదని. ఇక రెండో మెట్టు, ఏ చోటు ఏ చోటుతో కలిసి పనిచేస్తున్నది అనేది. ఇందులో ముందు నడిచినవాడు సోవియట్ శాస్త్రజ్ఞుడు లివనోవ్. మిగతావారు ఎనిమిది, పదహారు కలాలతో గీతలు గీస్తున్న కాలంలో ఆయన మాస్కోలో తల మీద యాభై చోట్ల ఒకేసారి చూసే యంత్రం కట్టించాడు. 1964లో ఆయన, సహచరులు ప్రకటించిన ఫలితం ఇది. మనిషి ఊరికే ఉన్నప్పుడు ఏ చోటుకు ఆ చోటు తన ధోరణిలో ఊగుతుంది. మనసులో లెక్క చేయడం మొదలుపెట్టగానే, ముఖ్యంగా నుదుటి భాగంలో, ఒకదానితో ఒకటి జతగా ఊగే చోట్ల సంఖ్య పెరుగుతుంది. లెక్క అయిపోగానే మళ్ళీ విడిపోతాయి. పనివేళ పదిమంది గుమాస్తాలు ఒకే ఫైలు మీద కూర్చున్నట్టు అన్నమాట.

తల మీద బిళ్ళలు ఎక్కడెక్కడ పెట్టాలో 1958లో జాస్పర్ అనే శాస్త్రజ్ఞుని ఆధ్వర్యంలో ఒక అంతర్జాతీయ పద్ధతి ఏర్పడింది. ఈనాటికీ ఆస్పత్రుల్లో టేపుతో తల కొలిచి గుర్తులు పెట్టడం ఆ పద్ధతి ప్రకారమే. ఎడమవైపు చోట్లకు బేసి అంకెలు, కుడివైపు చోట్లకు సరి అంకెలు. ఆ రోజుల్లో గీతలన్నీ సెకనుకు మూడు సెంటీమీటర్ల చొప్పున జరిగే కాగితం మీదే. ఇరవై నిమిషాల పరీక్షకు 36 మీటర్ల కాగితం! అంతటినీ కంటితో చూసి ఏది దేనితో జతపడిందో తేల్చడం మనిషి తరమా? కంప్యూటర్లు వచ్చాకే ఈ పని ఊపందుకుంది. రెండు చోట్ల అలలు ఎంత నికరంగా జతగా నడుస్తున్నాయో సున్నా నుంచి ఒకటి లోపు ఒక అంకెగా చెప్పడం అలవాటైంది.

అసలు చిక్కు ఇక్కడే వచ్చింది. దీన్ని మన కంభం చెరువు దగ్గర నిలబడి ఆలోచిస్తే చక్కగా తెలుస్తుంది. నీళ్ళ మీద రెండు బెండుముక్కలు దూరదూరంగా తేలుతున్నాయనుకోండి. రెండూ ఒకేసారి లేస్తున్నాయి, ఒకేసారి దిగుతున్నాయి. నీళ్ళ అడుగున రెంటికీ తాడు కట్టి ఉందని చెప్పగలమా? ఎవడో మధ్యలో రాయి విసిరి ఉండవచ్చు, ఆ ఒక్క అలే రెంటినీ ఊపుతూ ఉండవచ్చు. తలలోనూ అంతే. లోపల ఒక్కచోట పుట్టిన విద్యుత్తు పుర్రె గుండా, చర్మం గుండా నలుదిక్కులకూ పాకి, పది బిళ్ళల కింద ఒకేసారి కనిపిస్తుంది. పది చోట్లు మాట్లాడుకుంటున్నాయని మనం భ్రమపడతాం.

దీనికి కనిపెట్టిన ఉపాయం రైల్వేవారికి తెలిసినదే. మార్కాపురం రోడ్డు స్టేషన్ దాటిన బండి తర్లుపాడు, కంభం మీదుగా గిద్దలూరు చేరడానికి కొంత సమయం పట్టి తీరుతుంది. మార్కాపురంలోనూ గిద్దలూరులోనూ ఒకే క్షణాన కూత వినబడిందంటే అది ఒకే బండి కూత కాదు. ఇక్కడ మోగిన తరువాత ప్రతిసారీ ఇంతే వ్యవధికి అక్కడ మోగుతుంటేనే ఈ బండే అక్కడికి పోయిందని అనుమానించడానికి ఆధారం. మెదడులో ఒక భాగం నుంచి మరో భాగానికి నరాల గుండా కబురు పోవడానికి సెకనులో వెయ్యో వంతుల లెక్కన కాలం పడుతుంది. పుర్రె గుండా పాకే విద్యుత్తుకు ఆ ఆలస్యం ఉండదు. కనుక ఒకే క్షణంలో జరిగే పోలికను పక్కన పెట్టి, ఆలస్యంతో కూడిన పోలికనే లెక్కలోకి తీసుకోవాలన్నారు. 2004లో నోల్టే, 2007లో స్టామ్, వారి సహచరులు ఇందుకు గణిత సూత్రాలు ఇచ్చారు. ఇందులోనూ లోటు లేకపోలేదు. నిజంగానే ఒకే క్షణంలో కలిసి ఊగే భాగాలుంటే అవీ కొట్టివేతలో పోతాయి. తాలుతోపాటు కొన్ని గింజలూ ఎగిరిపోతాయి. పైగా దొనకొండలో బయలుదేరిన బండే మార్కాపురానికి ముందు, గిద్దలూరుకు వెనుక చేరవచ్చు. అంతమాత్రాన గిద్దలూరుకు బండి పంపింది మార్కాపురం అనలేం.

లెక్కల గుమాస్తాగా బతుకు గడిపినవాణ్ణి కనుక ఇంకొక చిక్కు నాకు మరీ నచ్చింది. తల మీద 19 చోట్ల కొలిస్తే ఎన్ని జతలు? 19ని 18తో గుణించి సగం చేస్తే 171. ఒక్కొక్క జతను నాలుగు రకాల అలల్లో చూస్తే 684. ఇరవైలో ఒకటి కాకతాళీయంగా "సంబంధం ఉంది" అని చూపించే పరీక్ష పెడితే, తలలో ఏ సంబంధం లేకపోయినా 34 సంబంధాలు బయటపడతాయి. రంగురంగుల బొమ్మల్లో తల మీద గీతలు అల్లిబిల్లిగా గీసి చూపించే రిపోర్టు కనిపిస్తే, ఈ 34 ఎలా తీసేశారని అడగవలసిందే.

మరొక పాఠం 1979లో వచ్చింది. అంతకుముందు పదేళ్ళుగా భాషకు ఎడమ మెదడు, బొమ్మలకు కుడి మెదడు అంటూ ఇ.ఇ.జి. ఆధారంగా కోలాహలం జరిగింది. అమెరికాలో గెవిన్స్ అనే పరిశోధకుడు, సహచరులు అన్ని పనుల్లోనూ చెయ్యి కదలిక, కంటి కదలిక సమానంగా ఉండేట్టు పరీక్ష మార్చి చూశారు. అంతకుముందు కనబడిన తేడాలు మాయమయ్యాయి! వారు అంతటితో వదలక ఇంకా నిశితమైన పద్ధతులతో 1980లలో నిజమైన తేడాలు కొన్ని వెలికితీశారు. కాని కుడి మెదడు, ఎడమ మెదడు పేరు చెప్పి పిల్లలకు శిక్షణ ఇస్తామని ఫీజులు వసూలు చేసేవారు మాత్రం 1979కి ఇవతలికి రానేలేదు. మనవల చదువు కోసం పింఛను డబ్బులోంచి ఇలాంటివాటికి కట్టేముందు కొంచెం నిదానించండి.

మొత్తం మీద నిలబడిన ఫలితాలూ ఉన్నాయి. 1998లో సార్న్‌థైన్, పెట్షే, సహచరులు ప్రకటించినది వాటిలో ఒకటి. కొద్ది సెకన్లపాటు ఏదైనా గుర్తుపెట్టుకోమంటే, నుదుటి భాగానికీ తల వెనుక భాగానికీ మధ్య సెకనుకు నాలుగు నుంచి ఏడుసార్లు ఊగే నెమ్మది అలలో జతకట్టు పెరుగుతుందని వారు చూపించారు. పైన చెప్పిన గుణకారంలో ఒక ముక్కను దాచి, రెండోదాన్ని కట్టే పని ఇలాంటిదే.

ఈ సందర్భంలో మన అవధానం జ్ఞాపకం రాకుండా ఉండదు. ప్రయోగశాలల్లో ఒకేసారి రెండు పనులు అప్పగించి అదే గొప్ప పరీక్ష అంటారు. మన అష్టావధాని ఎనిమిది పనులు మోస్తాడు. ఒకరు నిషిద్ధాక్షరి, ఒకరు సమస్య, ఒకరు దత్తపది, మధ్యలో అప్రస్తుత ప్రసంగం, ఇంకొకరు కొట్టే గంటల లెక్క. చివర అన్నీ ధారణ. తిరుపతి వేంకట కవులు దీన్ని ఊరూరా తిప్పి జనం కళ అనిపించారు. అవధాని తలకు ఇ.ఇ.జి. టోపీ తొడిగితే బాగుండునని చాలామందికి తోస్తుంది. చిక్కేమిటంటే, మాట్లాడేటప్పుడు దవడ కండరాల విద్యుత్తు, రెప్ప కొట్టేటప్పుడు కంటి విద్యుత్తు మెదడు అలలను ముంచేస్తాయి. పద్యం గొంతెత్తి చదివేటప్పుడు యంత్రానికి దక్కేది దవడే. అవధాని మౌనంగా తల వంచుకుని పాదం కూర్చుకునే ఆ కొద్ది క్షణాలే పనికివస్తాయి.

గంటల లెక్కకు మాత్రం ప్రయోగశాలలో సాక్షాత్తు తోబుట్టువు ఉంది. ఒకే రకం శబ్దాలు వరుసగా వినిపిస్తూ అరుదుగా వేరే శబ్దం కలిపి, దాన్ని మనసులో లెక్కపెట్టమంటారు. ఆ అరుదైన శబ్దం వినపడిన తరువాత సెకనులో సుమారు మూడోవంతుకు తల మీద ఒక పెద్ద అల లేస్తుంది. 1965లో సటన్, సహచరులు దీన్ని గుర్తించారు. మనిషికి ముఖ్యమనిపించినది ఎదురైనప్పుడు లేచే అల ఇది.

ఇక్కడినుంచి కథ పోలీసు స్టేషన్‌కు పోయింది. నేరం తాలూకు వస్తువు, మాట చూపించినప్పుడు ఆ అల లేస్తే అతనికి నేరం సంగతి తెలిసినట్టే అని కొందరు వాదించారు. మనదేశంలో ఇలాంటి బ్రెయిన్ మ్యాపింగ్ పరీక్షలు పెట్టారు. 2008లో పుణెలో ఒక హత్య కేసు తీర్పులో ఇ.ఇ.జి. ఆధారంగా చేసిన పరీక్షనూ లెక్కలోకి తీసుకున్నారు. ప్రపంచమంతా విస్తుపోయింది. ఆలోచించండి. ఒక మనిషి ఆ కత్తిని వాడినందువల్ల అల లేచిందా, పేపర్లో చదివినందువల్లా, పోలీసులు పదిసార్లు అడిగినందువల్లా? అల ఆ తేడా చెప్పదు. 2010 మే 5న సుప్రీంకోర్టు సెల్వి కేసులో తీర్పు ఇచ్చింది. నార్కో, పాలిగ్రాఫ్, బ్రెయిన్ మ్యాపింగ్ పరీక్షలు ఎవరికీ బలవంతంగా చేయరాదు. అది రాజ్యాంగంలోని 20(3), 21 అధికరణాలకు విరుద్ధం. ఇష్టపడి చేయించుకున్నా ఆ ఫలితమే సాక్ష్యం కాజాలదు. రెండో ప్రశ్న అడిగిన సభ్యులకు నా జవాబు ఈ తీర్పే. మీరు ఏదో పనిలో ఉన్నారని యంత్రం చెప్పగలదు, ఆ పని ఏమిటో చెప్పలేదు.

ఇక మతిమరుపు సంగతి. అల్జైమర్స్ జబ్బులో ఆల్ఫా అల నెమ్మదిస్తుందనీ, దూరపు భాగాల మధ్య జతకట్టు సడలుతుందనీ అనేక పరిశోధనలు చెబుతున్నాయి. అయితే అవి యాభై మందిని ఒక జట్టుగా, యాభై మందిని మరో జట్టుగా తీసుకుని సగటు చూసి చెప్పినవి. ఒక్క మనిషి గీత చూసి ఈయనకు ఈ జబ్బు అని తేల్చడానికి అది చాలదు. మూర్ఛను గుర్తించడంలో, స్పృహ తప్పినవారి స్థితి తెలుసుకోవడంలో ఇ.ఇ.జి.కి సాటి లేదు. మతిమరుపు విషయంలో మాత్రం డాక్టరు ఎదురుగా కూర్చోబెట్టి "నూరులోంచి ఏడు తీసేయండి, అందులోంచి మళ్ళీ ఏడు" అని అడిగే పరీక్షే ముందు. తొంభై మూడు, ఎనభై ఆరు, డెబ్భై తొమ్మిది అని చెప్పడంలో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. పక్కనుంచి కోడలో కొడుకో అందించకూడదు.

హైదరాబాదు నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి గారు, సహచరులు 2013లో ప్రకటించిన ఒక పరిశోధన మన ప్రాంతం వారికి ప్రత్యేకంగా చెప్పదగ్గది. ఇది ఇ.ఇ.జి. మీద చేసింది కాదు. మతిమరుపు జబ్బుతో వచ్చిన 648 మందిని పరిశీలిస్తే, రెండు భాషలు మాట్లాడేవారికి జబ్బు సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైందట. చదువు రానివారిలోనూ ఈ తేడా కనిపించింది. కంభంలోనూ మార్కాపురంలోనూ తెలుగూ ఉర్దూ రెండూ ఇంటి భాషల్లా మాట్లాడే పెద్దలు వీధివీధికీ ఉన్నారు. ఇతర దేశాల్లో ఆరోగ్యవంతులను ఏళ్ళ తరబడి గమనించిన కొన్ని పరిశోధనల్లో ఇంత లాభం కనబడలేదు కనుక దీన్ని మందుచీటీగా తీసుకోరాదు.

పరీక్షకు వెళ్ళేవారికి రెండు ముక్కలు. ముందురోజు తలస్నానం చేసి, నూనె రాసుకోకుండా వెళ్ళండి. నూనె ఉంటే బిళ్ళ సరిగా అంటదు. మూర్ఛ మందులు డాక్టరు చెబితే తప్ప ఆపకండి. పాత ఇ.ఇ.జి. ఇంట్లో ఉంటే ఎంత పసుపుబారినా పారేయకుండా వెంట తీసుకెళ్ళండి. పదిమంది సగటుతో పోల్చడం కంటే, పదేళ్ళ కిందటి మీ గీతతో ఇప్పటి మీ గీతను పోల్చడం డాక్టరుకు ఎక్కువ పనికివస్తుంది.